జాలీలోంచి జారే నక్షత్రాలు

యువరాజు అరిందముడికి లోకంలో శత్రువులు ఎందరున్నా ఫిర్యాదు మాత్రం ఒక్కరి మీదే. మేనత్త హేమాంబ మీద. తల్లి లేని పిల్లవాణ్ణి పెంచి పెద్దచేసిందన్న కృతజ్ఞత ఉండనే ఉంది. కానీ ఆ మహాతల్లి బుద్ధెరిగిన నాటినుంచి ‘తప్పు నాది’ అన్న మాట నోటివెంట రానిచ్చిన పాపాన పోలేదు. పాయసంలో ఉప్పు పడితే అది పాలవాడి తప్పు. ఆమె పెట్టించిన ముహూర్తానికి వాన కురిస్తే అది ఇంద్రుడి తప్పు. మొన్నటికి మొన్న కరిమాను ఏటి దగ్గర “మోకాటి లోతేరా, దింపు” అని గుర్రాన్ని దింపించింది. గుర్రం చెవులు మాత్రమే పైకి కనిపిస్తున్నప్పుడు కూడా “ఏరు దారి మార్చుకుంటే నేనేం చేసేది?” అంది గానీ ఇంకో మాట లేదు.

అలాంటి మనిషి ఇప్పుడు అతని వెనకే, రెండు గుమ్మటాల నడుమ, కుచ్చిళ్ళు పైకి దోపుకుని పాకుతోంది.

రెండు గుమ్మటాల నడుమ అంటే వింతగా ఉంటుంది గానీ, నీలోఫరాబాద్ రోషన్ మహల్ కట్టడమే అంత. బయటి గుమ్మటం ఊరి కోసం. ఆమడ దూరంలో ఒంటె మీద వచ్చే బాటసారికి కూడా అది విచ్చబోతున్న నీలి కలువలా కనబడాలి. అంత ఎత్తు గుమ్మటం కింద నేరుగా కూర్చుంటే దర్బారులో మనుషులకు బావి అడుగున ఉన్నట్టుంటుంది. అందుకని లోపల, మనిషి చూపుకు అందేటంత ఎత్తులో, మరో చిన్న గుమ్మటం. ఒకదాని మీద ఒకటి బోర్లించిన రెండు గిన్నెలన్నమాట. ఆ రెంటి మధ్య ఇటుక గోడల సందులు, పావురాల రెట్టలు, తరాలనాటి దుమ్ము. చిన్నప్పుడు అక్కడ దాగుడుమూతలు ఆడేదాన్నని అరిందముడి భార్య మహజబీన్ పెళ్ళయిన కొత్తలో చెప్పింది. ముచ్చటకు చెప్పిన మాట ఇప్పుడు ప్రాణం నిలిపే దారి అయింది.

ఎందుకంటే మహజబీన్ ఆ గుమ్మటాల కింద రాయి అయిపోతోంది.

ఆమె పుట్టింటికి వచ్చి పక్షం తిరక్కముందే ధూమకేశుడనే మాంత్రికుడు నీలోఫరాబాద్ మీద పడ్డాడు. ఆమె తండ్రి సుల్తాన్ ఫైరూజ్ బఖ్త్‌నీ కొలువునంతటినీ రాతి జాలీలుగా, కంతలు తొలిచిన పలకల తెరలుగా, మార్చి తోటలో వరసగా నిలబెట్టాడు. మిగిలిన వారసురాలు మహజబీన్ ఒక్కతే. ఆమె కూడా రాయైతే ఆ కోట తలుపులన్నీ వాడి మాటకే తెరుచుకుంటాయి. అంతటితో ఊరుకున్నాడా? మంత్రగాళ్ళ కడుపులో రహస్యం ఆగదు కదా. అరిందముడి రాజ్యం కుంకుమగిరిలో నిండు కొలువు మీద పొగ రూపంలో ప్రత్యక్షమై మరీ గొప్పలు చెప్పుకున్నాడు.

“వచ్చే పున్నమినాడు పడమటి జాలీలోంచి దిగే ఎండ నీ పెళ్ళాన్ని పాదాల నుంచి మొదలుపెట్టి రాయి చేస్తుందిరా! పొద్దుగూకేసరికి నడినెత్తి. నేను ఆ దర్బారులోనే, మీ కళ్ళ ఎదుటే, కదలకుండా ఉంటాను. గుర్తుపట్టి కొడితే చస్తాను, చేసిందంతా విడిపోతుంది. తప్పు దెబ్బ కొట్టావో, ఎండ ఎగిరి పైకి దూకుతుంది! రా, చేతనైతే!”

రెక్కల గుర్రం ఒకటి చచ్చి, ఒకటి కుంటిదై, ఏటిపాలైన మామూలు గుర్రం ఒకటి బతికి బట్టకట్టి, చివరికి గాజులమ్ముకునే తల్లీ మూగకొడుకూ వేషాల్లో వాళ్ళిద్దరూ ఈ పున్నమి మధ్యాహ్నం కోటలోకి చొరబడ్డారు. మూగవాడి వేషం అరిందముడికి పెట్టింది హేమాంబే. మాట్లాడే పనంతా తనదేనని ఆమె నమ్మకం.

ఆ పని ఆమె నగర ద్వారం దగ్గరే మొదలుపెట్టింది. అంబారీతో ఏనుగు దూరేటంత కమాను. దాని నుదుటిన నల్లరాతిలో తెల్లరాయి పొదిగి రాసిన అక్షరాలు. అవి అక్షరాలని చెబితే తప్ప తెలియదు. గాలికి ఒరిగిన వరిచేలో, కత్తుల వరసో అనిపిస్తాయి. బజారు పొడుగునా కమాను వెనక కమాను, దాని వెనక ఇంకో కమాను, అద్దంలో అద్దం చూసినట్టు. గోడల మీద నీలం, పసుపు, పాలతెలుపు పలకలతో చుక్కలు, ఆ చుక్కల మధ్య చిన్న చుక్కలు. ఒక గీత పట్టుకుని వెళితే అది చుక్కను చుట్టి, తీగై సాగి, పువ్వు పక్కనుంచి వంగి, మళ్ళీ ఇంకో చుక్కలో కలిసిపోయేది. గోడ అయిపోయేది గానీ గీత అయిపోయేది కాదు.

“ఏముందిరా ఇక్కడ?” అంది హేమాంబ, మూగవాడు జవాబు చెప్పలేడని తెలిసి. “ఒక హంస లేదు, ఒక ఏనుగు లేదు. మన కుంకుమగిరి గోడ చూస్తే ఎంత నిండుగా ఉంటుంది! చిలకలూ, నెమళ్ళూ, ఆడే పిల్లలూ. ఇక్కడ బజారంతా వెతికాను, పిచ్చుక పిల్ల కూడా కనబడలేదు. బోసి గోడలు! పెళ్ళినాడే అన్నాను, వింటేనా?”

అనడమంటే మామూలుగా అనలేదు. పెళ్ళిపందిట్లో వియ్యాలవారి ముందే అడిగేసింది. సుల్తాన్ ఫైరూజ్ బఖ్త్ నవ్వి, “అమ్మా, ఈ నగరం కట్టించిన మా ముత్తవ్వ పెట్టిన కట్టు అది. ప్రాణం పోయగలవాడే రూపం చెయ్యాలంది. మాకు ప్రాణం పొయ్యడం చేతకాదు. అందుకని గీతలు గీసుకుంటాం. వాటికి చావు లేదు” అన్నాడు. “బొమ్మ చెక్కడం రానివాళ్ళు చెప్పే మాట” అని హేమాంబ విడిదింట్లో తేల్చిపారేసింది. అది కొత్త కోడలు వినేటట్టే అంది.

ఇప్పుడు ఇటుక సందు చివర చిన్న చెక్క తలుపు వచ్చింది. అరిందముడు సందులోంచి చూశాడు. అవతల లోపలి గుమ్మటం మొదట్లో గుండ్రంగా తిరిగే సన్నటి నడవ. దానికి సరిగ్గా ఎదురు పక్కన, మధ్యలో ఆకాశమంత ఖాళీ ఉండగా, ధూమకేశుడు గాజుతో పోతపోసిన ఇద్దరు గాజుకళ్ళ భటులు వీపు తిప్పి నిలబడి ఉన్నారు. మహజబీన్ చెప్పిన రెండో ముచ్చట అతనికి గుర్తొచ్చింది: ‘మా గుమ్మటం మాట దాచుకోదు. గోడ దగ్గర గుసగుసలాడితే అవతలి గోడ దగ్గర వినబడుతుంది.’

అతను వెనక్కి తిరిగి పెదవుల మీద వేలుంచాడు. హేమాంబ తల ఊపింది. నడవలోకి అడుగుపెట్టి, గోడ పట్టుకుని, ప్రాణం పోయినా ఎవరికీ వినబడనంత సన్నగా గొణిగింది:

“మోకాలు పట్టేసిందిరా, నాయనా...”

ఆ గొణుగుడు గుమ్మటం గోడ వెంట పాకుతూ వెళ్ళి అవతలి భటుల చెవుల్లో పడింది, ఎవరో భుజం మీద తలపెట్టి చెప్పినంత స్పష్టంగా. ఇద్దరూ గిర్రున తిరిగారు.

“నీ మోకాలి సంగతి వాళ్ళకి కూడా చెప్పావా అత్తా!”

“నేనెక్కడ చెప్పాను? గోడ చెప్పింది!”

ఈటెలు ఎత్తుకుని చెరోవైపు నుంచీ వస్తున్నారు వాళ్ళు. నడవ వెడల్పు ఒక మనిషికే చాలదు. మొదటి ఈటె అరిందముడి చెవి పక్కనుంచి పోయి గచ్చులో దిగబడింది. అతను దాన్నే పెరికి కుడివైపు వాణ్ణి మోకాళ్ళ దగ్గర కొట్టాడు. వాడు కఠకఠమని విరిగి గాజుపెంకులై రాలాడు. ఎడమవైపు వాడు అప్పటికే హేమాంబ జుట్టు పట్టుకుని ఉన్నాడు. ఆమె బొడ్లోంచి చిన్న పొట్లం తీసి వాడి మొహాన విదిల్చింది. కుంకుమగిరి ఎండుమిరప, వెల్లుల్లి వేసి దంచిన గొడ్డుకారం. గాజు కళ్ళకు కారం పనిచేస్తుందా అంటే, ఏ కళ్ళకైనా చేస్తుంది. వాడు రెండు చేతులా మొహం కప్పుకుని వెనక్కి నడిచి, నడవ అయిపోయిన సంగతి ఆలస్యంగా తెలుసుకున్నాడు.

“నాలుగు ముద్దలకి సరిపోను కారం,” అంది హేమాంబ జుట్టు ముడి వేసుకుంటూ, “వెధవకి వృథా అయింది.”

కిందినుంచి గంట మోగింది. మెట్ల మీద ఇంకా చాలా అడుగుల చప్పుడు. ఇక మిగిలిన దారి ఒకటే.

నలుచదరపు దర్బారు మీద గుండ్రటి గుమ్మటాన్ని కూర్చోబెట్టాలంటే నాలుగు మూలలూ ఏదో ఒకటి చెయ్యాలి. రోషన్ మహల్ శిల్పులు ఆ మూలల్ని తేనెపట్టుతో నింపారు. చిన్న గూడు, దాని మీద రెండు గూళ్ళు, వాటి మీద నాలుగు. ఒక్కొక్కటీ కిందిదానికంటే కాస్త ముందుకు వంగి, అంచున బంగారు పూత మెరుస్తూ, లోపల నీలం నీడ నింపుకుని, కిందనుంచి పైకి పొంగిన నురగలా గుమ్మటం దాకా ఎక్కాయి. రాయి అంత మెత్తబడగలదని అరిందముడికి అంతవరకూ తెలియదు. నిజానికి అది రాయి కాదని అతనికి మరుక్షణంలోనే తెలిసింది.

మేనత్త నడుముకు గాజుల మలారం తాడు కట్టి, రెండో కొస తన నడుముకు బిగించుకుని, అతను మొదటి గూట్లో కాలు పెట్టాడు. గూడు ఫెళ్ళున విరిగింది. అవి బరువు మోసే రాళ్ళు కావు, గచ్చుతో పోతపోసి వేలాడదీసిన సోకు. అతను జారాడు. గోళ్ళు గీరుకుంటూ ఒక గూడు, ఇంకో గూడు, మోచేయి తగిలి మరో గూడు. తాడు గుంజుకుంది. పైనుంచి “ఒరేయ్ అరిందమా!” అన్న కేకతో పాటు హేమాంబ కూడా ఊడి వచ్చింది. ఇద్దరూ గచ్చు ముక్కల వానలో దొర్లుకుంటూ వచ్చి, దర్బారు మధ్య పారే చలువరాతి కాలవలో వెల్లకిలా పడ్డారు. గాజులన్నీ పగిలాయి. ఎముకలు, ఆశ్చర్యంగా, పగలలేదు.

నీళ్ళలోంచి లేచిన అరిందముడు ముందు చూసింది దర్బారు తలుపును. ధూమకేశుడు వేసుకున్న లోపలి గడియ పడే ఉంది. అవతలినుంచి భటులు గొడ్డళ్ళతో మోదుతున్నారు. తరవాత చూసింది భార్యను.

దర్బారు నడిబొడ్డున, పడమటికి తిరిగి నిలబడి ఉంది మహజబీన్. నడుము కింది నుంచి ఆమె ఆమె కాదు. పాదాలు, మోకాళ్ళు, పట్టు గాగ్రా కుచ్చిళ్ళతో సహా తెల్లటి చలువరాయి. ఆ రాయి నిండా చుక్కల చుక్కల కంతలు, అవతలి వెలుగు ఇవతలికి కనబడేలా. ఆమె ఎదుట ఎత్తుగా పడమటి జాలీ. ఒకే రాతిపలకను దారంలా సన్నంగా తొలిచి, నక్షత్రానికి నక్షత్రాన్ని ముడివేసి, దంతపు దువ్వెనలా చేశారు దాన్ని. ఎండాకాలపు ఎండ కూడా దాన్ని దాటి వచ్చేసరికి చల్లబడి, గంధమై, నేల మీద పూలు పరిచినట్టు పడేది. ఆ ఎండే ఇప్పుడు నక్షత్రాలు నక్షత్రాలుగా ఆమె నడుము మీద పాకుతోంది. నక్షత్రం తాకిన మేర మాంసం రాయవుతోంది.

“వచ్చారా?” అంది మహజబీన్. “వెనక చప్పుడైంది. మా ముత్తవ్వ తేనెపట్టు కూల్చింది మీరేనా?”

“మళ్ళీ కట్టిస్తాను” అని అరిందముడు పరుగున వెళ్ళి ఆమెకూ జాలీకీ మధ్య అడ్డంగా నిలబడ్డాడు. నక్షత్రాలు అతన్ని లెక్కచెయ్యలేదు. అతను లేనట్టే అతని గుండెలోంచి దూరి వెళ్ళి ఆమె మీదే పడ్డాయి. హేమాంబ తాను కప్పుకున్న తడి దుప్పటి విప్పి జాలీకి కప్పబోయింది. ఎండ తగలగానే దుప్పటి జాలీలా తూట్లు పడి, గలగలమని రాతి పెళ్ళలై రాలింది.

“అయితే ఆ జాలీనే పగలగొడతాను!” అరిందముడు కత్తి దూశాడు.

“వద్దు!” మహజబీన్ గట్టిగా అరిచింది. “ఆ జాలీయే నన్ను ఇంతసేపు బతికించింది. అది ఎండను జల్లెడ పడుతోంది గనకే చుక్కచుక్కగా రాయినవుతున్నాను. పగిలితే ఎండంతా ఒక్కసారే మీద పడుతుంది. వాణ్ణి వెతకండి. ఇక్కడే ఉన్నాడు. నేను వెనక్కి తిరగలేను. నా ముందున్నది జాలీ ఒక్కటే. నా వెనక చూడండి.”

తలుపు మీద గొడ్డలి దెబ్బ. ఒక చెక్క చీలింది.

అరిందముడు చుట్టూ చూశాడు. ఎక్కడని చూస్తాడు? పైన గుమ్మటం నిండా నడిమి నక్షత్రం నుంచి విచ్చుకుంటూ పోయే బంగారు గీతల వల. గుమ్మటం మొదట్లో నడుముకు కట్టిన వడ్డాణంలా అక్షరాల పట్టీ. దక్షిణాన సుల్తాన్ కూర్చునే చలువరాతి తఖ్తు, దాని మీద జరీ దిండు. ఉత్తరాన ఇత్తడి గొలుసుకు వేలాడే పెద్ద దీపం. తూర్పున నేల నుంచి కప్పు దాకా నీలి పలకల గోడ. తీగ తీగను అల్లుకుని, ఆకు ఆకును తాకి, పువ్వు వెనక పువ్వు, ఎక్కడ చూపు ఆగినా అక్కణ్ణుంచి ఇంకోచోటికి తోసేసే గోడ. ఇంత అందం మధ్యలో ఒక్క అబద్ధం దాక్కుని ఉంది. ఏది?

దీపం కొద్దిగా ఊగినట్టు అనిపించింది. అంతే. ఎగిరి ఒక్క వేటు వేశాడు. గొలుసు తెగింది. దీపం పడి సొట్టబోయింది. అది ఉత్త దీపమే.

“అమ్మీ...” అంది మహజబీన్ ఊపిరి అందనట్టు. నక్షత్రాలు ఒక్క ఉదుటున నడుము మీంచి రొమ్ము దాకా దూకాయి. చేతులు గాల్లో లేచినవి లేచినట్టే రాయైపోయాయి. వేళ్ళ గోరింటాకు కూడా రాతిలో నగిషీలా మిగిలింది.

అరిందముడు ఈసారి తూర్పు గోడవైపు నడిచాడు. ఎందుకో చెప్పలేడు. ఆ నీలి తీగల్లో ఒకచోట చూపు జారకుండా ఆగింది. దగ్గరికి పోయేసరికి అక్కడ హేమాంబ నిలబడి రెండు చేతులూ జోడించి ఉంది. ఆమె ఎదుట గోడ మీద, తీగ వంపులో, నీలి రెక్కలు ముడుచుకుని కూర్చుంది ఒక పాలపిట్ట. పలకల నీలంలో నీలం కలిసిపోయి, గుండె దగ్గర మట్టిరంగు మాత్రం మెత్తగా తేలుతూ, బతికున్నట్టే ఉంది.

“చూశావట్రా?” అంది హేమాంబ, ఈ ప్రయాణంలో మొదటిసారి మొహం వికసించి. “పాలపిట్ట! దసరానాడు ఊరంతా పొలాలమ్మట పడి వెతికితే కనబడని పాలపిట్ట, ఈ చావు ఇంట్లో మనకి ఎదురొచ్చింది. జయం మనదే! ఇంత ఊళ్ళో ఇప్పటికి కంటికి నిండుగా కనబడిందిరా ఒక్క ప్రాణి.” బొడ్లోంచి కుంకుమ భరిణ తీసి దాని నుదుట బొట్టు కూడా పెట్టింది.

“అత్తా, కాస్త జరుగు. ఈ గోడ...”

“ఈ గోడ?” ఆమె చేతులు బారజాపి అడ్డం నిలబడింది. “పాలపిట్ట మీద కత్తెత్తుతావా? మీ తాత యుద్ధానికి వెళితే దీన్ని చూసి వెళ్ళాడు, గెలిచి వచ్చాడు. మీ నాన్న చూడకుండా వెళ్ళాడు, ఏమైందో నీకు తెలుసు. శకునాన్ని నరికినవాడు బాగుపడ్డాడా ఎక్కడైనా? అటు చూడు, ఆ దిండు! చలువరాతి తఖ్తు మీద అంత మాసిన దిండేమిటి? ఏ ఇల్లాలైనా దర్బారులో అలాంటి దిండు ఉంచుతుందా? వాడే!”

ఆమె అంత నమ్మకంగా చెప్పినప్పుడు ఎదురు నిలబడటం అరిందముడు చిన్నప్పటి నుంచీ నేర్చుకోలేదు. తఖ్తు మీదికి దూకాడు. కత్తి దిండును నడిమికి చీల్చింది.

దూది ఎగిరింది. దర్బారు నిండా తెల్లగా, నిదానంగా, దూది తప్ప ఇంకేమీ లేదు.

మహజబీన్ అరవలేదు. అరవడానికి గుండెలో చోటు లేదు. నక్షత్రాలు రొమ్ము దాటి, మెడ దాటి, గడ్డం కిందికి దూకి నిలిచాయి. ఇంకొక్క తప్పు దెబ్బ పడితే ఎండ ఇక ఆగేది నడినెత్తి మీదే. తలుపు చెక్కల సందుల్లోంచి గాజుకళ్ళు లోపలికి చూస్తున్నాయి. గడియ వంగింది.

అరిందముడు కత్తి వదిలేసి ఆమె పాదాల ముందు మోకాళ్ళ మీద పడ్డాడు. ఆమె అతన్ని చూడలేదు. ఏదో ఆలోచిస్తున్న చూపు. పెదవులు కదిలాయి.

“అత్తయ్యా...”

“ఏమ్మా?” హేమాంబ తడికాళ్ళతో పరుగెత్తుకొచ్చింది. కోడల్ని ‘అమ్మా’ అనడం అదే మొదలని ఆమెకే తెలియదు.

“ఇందాక మీరు... దేన్ని చూసి... అంత సంతోషపడ్డారు?”

“పాలపిట్టనమ్మా. మీ తూర్పు గోడ మీద.”

మహజబీన్ కళ్ళు పెద్దవయ్యాయి. “మా గోడ మీద... పిట్టా?” ఆమె తల తిప్పబోయింది. రాతి మెడ కదల్లేదు. “అత్తయ్యా, మా గోడ మీద ప్రాణమున్నది...”

నక్షత్రం ఒకటి ఆమె కింది పెదవి మీదికి పాకింది. మాట రాయై ఆగిపోయింది. పై పెదవి ఇంకొక్క క్షణం వణికి, అదీ ఆగింది. ఇక కళ్ళు మిగిలాయి. ఆ కళ్ళు హేమాంబను చూస్తున్నాయి.

హేమాంబకు తాను దాటి వచ్చిన గోడలన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి.

నగర ద్వారం. పిచ్చుక పిల్ల కూడా లేదు. బజారు కమానులు. హంస లేదు. బాటసారులు దిగే ముసాఫిర్ఖానా గోడలు, స్నానాల ఇంటి చుక్కల కప్పు, తోటలో నలువైపులా పారే కాలవల గట్లు. వెతికి వెతికి వంక పెట్టింది తానే. పెళ్ళినాడు వియ్యంకుణ్ణి నిలదీసిందీ తానే. ప్రాణం పోయగలవాడే రూపం చెయ్యాలని ఆయన చెప్పింది విన్నదీ, విని పక్కన పారేసిందీ తానే. ఈ నగరం మొత్తం మీద ఒక్క ప్రాణి బొమ్మ కూడా లేదని ఆమెకు తెలిసినంతగా, కట్టినవాళ్ళకు కూడా తెలిసి ఉండదు. అంతా తెలిసిన మనిషే, తన పుట్టింటి గోడ గుర్తొచ్చేసరికి, దండం పెట్టి బొట్టు పెట్టింది.

“అత్తా?” అరిందముడు కత్తి అందుకుని లేచాడు. అతనికీ ఏదో తట్టింది. తూర్పు గోడ వైపు నాలుగంగల్లో వెళ్ళాడు. తీగలు, ఆకులు, పువ్వులు, మళ్ళీ తీగలు. ఎక్కడ చూసినా ఒకేలాంటి నీలం, చూపును పట్టి తోసేసే నీలం. ఇందాకటి చోటు ఏది? అప్పుడు ఎర్రటి కుంకుమ బొట్టు కనిపించింది. దాని కింద పాలపిట్ట. పలకలా చల్లగా, పలకలా నున్నగా, గాలాడనంత నిశ్చలంగా.

కత్తి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది.

ఎలా నమ్మడం? దీపం విషయంలో నమ్మకంగానే కొట్టాడు. దిండు విషయంలో ఇంకా నమ్మకంగా కొట్టాడు. ఇది నిజంగా బొమ్మే అయితే? ఏ శిల్పో కట్టు తప్పి చేసిన పిట్టే అయితే? కత్తి దిగిన మరుక్షణం మహజబీన్ కళ్ళు కూడా రాళ్ళవుతాయి.

తలుపు గడియ ఊడి నేలమీద పడింది. భటులు బిలబిలా లోపలికి దూకారు. ఎండ ఆమె ముక్కు కొస మీదికి చేరింది.

“అత్తా!” అని అరిచాడు. “ఇది మంచి శకునమని ఇందాక నువ్వే అన్నావు. దీని మీద కత్తెత్తొద్దన్నావు. ఇప్పుడు చెప్పు. నువ్వు ఏది చెబితే అది చేస్తాను. ఇది పాలపిట్టేనా? ఇందాక నువ్వు చెప్పింది నిజమేనా?”

హేమాంబ నోరు తెరిచింది. అలవాటైన మాటలన్నీ నాలుక చివరికి వచ్చాయి. ఆ గోడదే తప్పు అనవచ్చు. ఆ వెలుతురుదే తప్పు అనవచ్చు. ముందే చెప్పని కోడలిదే తప్పు అనవచ్చు. కోడలి కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. ఎండ ఆ కళ్ళ కింది రెప్పలను తాకబోతోంది. నోరు రాయైంది గానీ చెవులు ఇంకా కాలేదు. ఆ పిల్లకు ఇంకా వినబడుతుంది.

ఒక భటుడు విసిరిన ఈటె హేమాంబ కొంగును నేలకు గుచ్చింది. ఆమె అటు చూడనైనా లేదు.

“కాదురా,” అంది. ఆ మాట గుమ్మటం కిందికి వెళ్ళి, బంగారు గీతల వలను చుట్టి, అక్షరాల పట్టీ వెంట తిరిగి, దర్బారులో ప్రతి మూలా పలికింది. “కాదు. ఈ ఇంటి గోడల మీద పిట్ట ఉండదు. వీళ్ళు నాకు చెప్పారు. నేను వినలేదు. నవ్వాను కూడా.”

గోడ మీద పాలపిట్ట బొట్టు కింద, సన్నగా, ఒక రెప్ప వాలి లేచింది.

“తప్పు నాదమ్మా, మహజబీన్,” అంది హేమాంబ కోడలి కళ్ళలోకి చూస్తూ. “మొదట్నుంచీ నాదే. కొట్టరా అరిందమా!”